మన కాలనీ సంఘం వార్షిక నివేదిక 2024-25: పనిముట్ల గది

సభ్యులందరికీ నమస్కారం.

కమ్యూనిటీ హాలు వెనక స్టోర్ రూమును పనిముట్ల గదిగా మార్చుదాం అని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నప్పుడు, "ఇనప సామాను కొట్టు పెడతారా ఏంటి?" అని నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ని. తర్వాత కార్యదర్శి పని నా నెత్తినే పడింది, గది తాళం నా జేబులోకే వచ్చింది. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఆ గది ముచ్చటే. బోరు రిపేరు, సీసీ కెమెరాలు, వినాయక చవితి, బతుకమ్మ ఖర్చుల లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టాం, చూసుకోగలరు.

ముందు మా తప్పు ఒప్పుకుంటాను. గదికి కేటాయించిన డబ్బులో సగానికి పైగా పోసి కరెంటు డ్రిల్లు కొన్నాం. రెండు నెలలకే కాలిపోయింది. షాపులో అడిగితే "కాంక్రీటుకు వాడారు, వారంటీ రాదు" అన్నారు. అపార్ట్‌మెంట్లలో డ్రిల్లు గోడకు కాక ఇంకెక్కడ వాడతారు? రెండుసార్లు తిరిగి ఊరుకున్నాం.

మిగిలిన డబ్బుతో ఒక ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకు వెళ్లాం. పాత పానాలు, పట్టకార్లు, పైపు రెంచీలు ఏరుతుంటే గోనెసంచి అడుగున ఒక వింత వస్తువు కనిపించింది. చెక్క పిడి, దాని ముందు ఇనప కడ్డీ, ఆ కడ్డీ నిండా ఒకదాన్నొకటి కోసుకుంటూ మెలికలు తిరిగిన గాడులు. అమ్మేవాణ్ని అడిగితే, "అదేందో నాక్కూడా తెల్వదు సార్, ఇనుము ధరకే తీస్కపోండి" అన్నాడు. తెచ్చి రెండు రోజులు కిరసనాయిల్లో నానేశాం.

దాన్ని గుర్తుపట్టింది బి బ్లాకు పెద్దాయన. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. చేతిలోకి తీసుకోగానే "యాంకీ స్క్రూడ్రైవర్ బాబూ ఇది!" అన్నారు. మామూలు స్క్రూడ్రైవర్‌ను మణికట్టుతో తిప్పాలి. దీన్ని తిప్పక్కర్లేదు, స్క్రూ మీద ఆనించి నొక్కితే చాలు. కడ్డీ పిడిలోకి దిగుతూ, గాడుల వెంబడి తనే గిర్రున తిరుగుతుంది. వదిలితే లోపలి స్ప్రింగు కడ్డీని బయటికి తోస్తుంది, మళ్లీ నొక్కడమే. పక్కనున్న చిన్న మీటను ఒకవైపు జరిపితే స్క్రూ బిగుస్తుంది, రెండోవైపు జరిపితే ఊడుతుంది, మధ్యలో పెడితే మామూలు స్క్రూడ్రైవరే. గాడులు రెండు దిక్కులా ఉన్నది అందుకే. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన నార్త్ బ్రదర్స్ వాళ్లు వీటికి పేరు తెచ్చారు. ఆ కంపెనీని 1946లో స్టాన్లీ కొనేసింది.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. కడ్డీని లోపలికి నొక్కి లాక్ చేసి ఉంచుతారు. ఎవరో లాక్ తీసి చూడబోతే బాణంలా బయటికి దూకి బల్ల మీది చాయ్ గ్లాసును పగలగొట్టింది. ముఖానికి ఎదురుగా పెట్టి లాక్ తీయకూడదని గది తలుపు మీద రాశాం. పిల్లలకు ఇవ్వం.

ఆ రోజే అక్కడున్న ఒక పిన్నిగారు, "ఇది మా మురుకుల గొట్టానికి తిరగేసిన పనేగా?" అన్నారు. ఈ ఏడాది నేను విన్న మంచి మాట ఇదే. గొట్టంలో పిడి తిప్పితే మర పిండిని కిందికి తోస్తుంది, ఇక్కడ తోస్తే మర తిరుగుతుంది. మరి గొట్టం పిడిని నొక్కితే ఎందుకు తిరగదు? మర చుట్లు దగ్గరదగ్గరగా, వాలు తక్కువగా ఉంటాయి కాబట్టి రాపిడికే ఆగిపోతుంది. యాంకీ గాడులు నిటారుగా, దూరదూరంగా ఉంటాయి. పిన్నిగారు మర్నాడు ఇత్తడి గొట్టం తెచ్చి పక్కపక్కన పెట్టి చూపించారు. మురుకులు కూడా తెచ్చారు.

ఎక్కువమంది పట్టుకెళ్లింది మాత్రం ఇది కాదు, విరిగిన మరలు తీసే ఎడమ మర బిట్. ట్యాపు విరిగి మర ముక్క గోడలోనే ఉండిపోవడం మన బ్లాకుల్లో మామూలే. ఈ బిట్ కొన సన్నగా, మొదలు లావుగా ఉంటుంది, మర ఎడమ చేతి వాటం. ముక్కలో దోపి ఎడమకు తిప్పితే అది లోపల ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. ముక్క ఊడాల్సిందీ ఎడమకే కాబట్టి, కరుచుకున్న కొద్దీ దాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. సైకిల్ ఎడమ పెడల్‌కు కూడా ఎడమ మరే ఉంటుందని ఆ వారం పిల్లలు సెల్లార్‌లో సైకిళ్లన్నీ విప్పి చూశారు. బిగించడం పెద్దవాళ్ల పనైంది.

రెండు యాత్రలు చేశాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు పన్నెండు గంటలకు నిలబడ్డాం. గంట కొట్టే బొమ్మను అందరూ చూశారు, సెకనుకోసారి సుత్తి వేసే కమ్మరి బొమ్మను కొందరే చూశారు.

రెండోది భూదాన్ పోచంపల్లి. అక్కడ ఒక నేత ఇంట్లో ఆసు పోయడం, అంటే చీర నేసే ముందు దారాన్ని చుట్టి సిద్ధం చేయడం, చూశాం. ఒక కొయ్య నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల వరుసకు దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటల పని. మన వాళ్లలో ఇద్దరు ప్రయత్నించి పది నిమిషాల్లో భుజం పట్టుకున్నారు. తల్లి లక్ష్మి పడే ఈ నొప్పి చూడలేకే చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం 1992లో ఆసు పోసే యంత్రం పని మొదలుపెట్టారు. చివరి చిక్కు 1999లో మన బాలానగర్‌లో విడిపోయింది. పని మీద వెళ్లిన చోట ఒక యంత్రం కదలిక చూసి, తనకు కావాల్సింది అదేనని పట్టేశారు. లక్ష్మీ ఆసు యంత్రంతో చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

వచ్చే ఏడాదికి రాణిగంజ్‌లో కొనాల్సిన వస్తువుల జాబితా కమిటీ దగ్గర ఉంది. కరెంటు డ్రిల్లు అందులో లేదు. కావాలనేవాళ్లు సమావేశంలో అడగండి, నేను ఒప్పుకోను గానీ ఓటుకు పెడతాను.

చివరగా ఒక మనవి. మేస్త్రీలు మట్టం చూడ్డానికి వాడే నీళ్ల పైపు దసరా నుంచి కనిపించడం లేదు. అంతకుముందు మా బాత్రూం టైల్స్‌కు నేనే వాడాను. పైపులో గాలి బుడగ చూసుకోకపోవడంతో నీళ్లు ఇప్పటికీ గుమ్మం వైపే పారుతున్నాయి. పైపు ఎవరి దగ్గరుందో దయచేసి తెచ్చివ్వండి. గది ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా తెరిచి ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి