ఫోల్డర్ చెరిపేయకురా, శీనూ

హైదరాబాద్
బుధవారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. రెండు రోజుల పని పోయిందని కాదు, అది ఎలాగూ మళ్ళీ రాసేస్తావు. పోయిన తీరు గురించే నా బాధ. "గిట్ ఏదో అంటోంది, అర్థం కాలేదు, ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మళ్ళీ క్లోన్ చేసేశా" అన్నావు. కోడ్‌లో మార్పుల చరిత్ర దాచిపెట్టే సాధనమేరా గిట్, క్లోన్ అంటే సర్వర్ మీదున్న కాపీని దించుకోవడమే. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశానని తర్వాత మెల్లగా చెప్పావు. నిన్ను తిట్టే అర్హత నాకు లేదులే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అంతే. యాడ్ చుక్క, కమిట్, పుష్, ఈ మూడూ మంత్రంలా కొట్టడం, పలక్కపోతే ఫోల్డర్ తీసి పారేయడం. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కమాండ్లు మనం ఫోన్లో చెప్పుకున్నట్టే రాస్తా, డ్యాష్‌లూ చుక్కలూ నువ్వే పెట్టుకో.

తణుకులో బాబాయ్ గారి కొట్టు గుర్తు తెచ్చుకో. సరుకు అరల్లోంచి తీసి బల్ల మీద పెడతారు. వద్దన్నది వెనక్కి పోతుంది. అంతా కుదిరాక చిట్టాలో పద్దు పడుతుంది. గిట్ నడిచేదీ అలాగే. నువ్వు ఎడిటర్లో చేసిన మార్పులు అరల్లో సరుకు. గిట్ యాడ్ అంటే బల్ల మీద పెట్టడం, గిట్ కమిట్ అంటే పద్దు రాయడం, పుష్ అంటే ఆ పద్దుల్ని సర్వర్‌కి పంపడం. ఆ చిట్టా తిరగేసి చూడాలంటే గిట్ లాగ్. డ్యాష్ డ్యాష్ వన్‌లైన్ అని చేర్చు, ఒక్కో పద్దూ ఒక్కో వరుసలో వస్తుంది.

ఇక్కడే నువ్వు తడబడతావు. ఫైల్‌ని యాడ్ చేశాక మళ్ళీ మార్చావనుకో, ఆ కొత్త మార్పు బల్ల మీదికి రాదు. మళ్ళీ యాడ్ చెయ్యాలి. "కమిట్ చేశాను గానీ సగమే వెళ్ళింది" అని గోల పెట్టావే, కారణం అదే. కమిట్‌కి ముందు గిట్ స్టేటస్ కొట్టు, ఏ ఫైళ్ళు మారాయో చెబుతుంది, ఆ తర్వాత గిట్ డిఫ్ డ్యాష్ డ్యాష్ స్టేజ్‌డ్. బల్ల మీద ఏముందో అది చూపిస్తుంది. ఉత్త గిట్ డిఫ్ బల్ల ఎక్కనివి మాత్రమే చూపిస్తుంది. చుక్క పెట్టి అన్నీ ఒకేసారి యాడ్ చేసే అలవాటు కూడా మానుకో. గిట్ యాడ్ డ్యాష్ పి అంటే ముక్క ముక్కగా చూపించి "ఇది కావాలా?" అని అడుగుతుంది. తప్పులు వెతకడానికి నేను పెట్టుకున్న డీబగ్ ప్రింట్లు పుష్ కాకుండా ఆపింది చాలాసార్లు అదే.

కమిట్ మెసేజ్ సంగతి ఒక్క మాటలో ముగిస్తా: "ఫిక్స్" అని రాయకు. ఏం మార్చావో డిఫ్ చెబుతుంది, ఎందుకు మార్చావో నువ్వే చెప్పాలి.

ఇక అసలు విషయానికి వస్తా. ఆ రోజు నువ్వు గిట్ రీసెట్ డ్యాష్ డ్యాష్ హార్డ్ హెడ్ టిల్డా 2 కొట్టావు. చివరి రెండు కమిట్లు లాగ్‌లోంచి మాయమయ్యాయి. కానీ అవి ఎక్కడికీ పోలేదురా! రీసెట్ చేసింది నీ బ్రాంచ్‌ని, అంటే నీ కమిట్ల వరుస చివరను చూపే పేరుని, రెండు మెట్లు వెనక్కి జరిపి ఫైళ్ళని అప్పటి రూపానికి తేవడమే. పాత కమిట్లు ఆ ఫోల్డర్లోనే, డాట్ గిట్ అనే దాగి ఉండే ఫోల్డర్లో ఉన్నాయి. హెడ్, అంటే నువ్వు ఇప్పుడున్న కమిట్‌ని చూపే గుర్తు, ఎప్పుడు ఎక్కడెక్కడ నిలబడిందో గిట్ ఒక రఫ్ నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. గిట్ రెఫ్‌లాగ్ కొడితే ఆ జాబితా మొత్తం కనిపిస్తుంది. రీసెట్‌కి ముందున్న వరుసలోని నంబరు తీసుకుని, గిట్ బ్రాంచ్, ఒక పేరు, ఆ నంబరు అని కొడితే పోయిన పని కొత్త బ్రాంచ్‌లో ప్రత్యక్షమయ్యేది. ఏ బ్రాంచ్‌కీ అందని కమిట్లకు కూడా ఆ నోట్‌బుక్‌లో మామూలుగా 30 రోజుల గడువు ఉంటుంది.

అయితే ఆ నోట్‌బుక్ నీ మెషీన్‌లో మాత్రమే ఉంటుంది. పుష్ చేస్తే సర్వర్‌కి వెళ్ళదు, క్లోన్ చేస్తే తిరిగి రాదు. ఫోల్డర్ చెరిపినప్పుడు చిట్టాతో పాటు రఫ్ పుస్తకం కూడా పొయ్యిలో వేసేశావు.

నా కథ ఇంకో రకం. ఒక శుక్రవారం సాయంత్రం, మూడు గంటలు కష్టపడి రాసిన కోడ్ ఒక్కసారి కూడా కమిట్ చెయ్యలేదు. ఎవరో చెప్పారని అదే హార్డ్ రీసెట్ కొట్టాను. అప్పుడు రెఫ్‌లాగ్ కూడా చేతులెత్తేసింది, దాని దగ్గర ఉండేవి కమిట్లే కదా. కనీసం యాడ్ చేసి ఉంటే గిట్ ఎఫ్ఎస్‌సీకే డ్యాష్ డ్యాష్ లాస్ట్ ఫౌండ్‌తో కొన్ని ఫైళ్ళయినా ఏరుకునేవాణ్ణి. అదీ చెయ్యలేదు. అప్పటినుంచి కాఫీకి లేచినా ఒక కమిట్ పడేసి లేస్తున్నాను. నా లోకల్ బ్రాంచ్‌లో కమిట్లు చిన్నగా, వికారంగా ఉన్నా ఎవరికి నష్టం?

నెట్‌లో పాత సలహాలు చూస్తే అన్నిటికీ గిట్ చెకౌట్ అంటారు. బ్రాంచ్ మారడానికీ అదే, ఫైల్‌లో మార్పులు పారేయడానికీ అదే. ఈ గందరగోళం పోవాలనే 2019లో వచ్చిన 2.23 వెర్షన్‌లో స్విచ్, రీస్టోర్ అని రెండు కమాండ్లు పెట్టారు. నువ్వు కొత్తవే వాడు. రీస్టోర్ పక్కన ఉత్త ఫైల్ పేరు పెడితే బల్ల ఎక్కని మార్పులు తుడిచిపెట్టుకుపోతాయి, జాగ్రత్త. డ్యాష్ డ్యాష్ స్టేజ్‌డ్ చేరిస్తే బల్ల మీంచి దింపుతుందంతే.

తప్పు కమిట్‌ని అప్పటికే పుష్ చేసేశావనుకో. బాబాయ్ గారు తప్పు పద్దు పడితే కాగితం చింపేవారా? కింద ఇంకో పద్దు రాసి సరిచేసేవారు. గిట్ రివర్ట్ అదే పని. పుష్ చేసినదాన్ని రీసెట్ చేసి, ఫోర్స్ పుష్ కొట్టడమంటే పదిమందీ చూసుకునే చిట్టాలో కాగితం చింపడం. ఈలోగా పక్కవాడు చేసిన పుష్ కూడా అందులో కొట్టుకుపోవచ్చు. పుష్ రిజెక్ట్ అయితే కంగారు పడకు, మామూలుగా నీకంటే ముందు ఎవరో పుష్ చేశారని అర్థం. గిట్ పుల్ డ్యాష్ డ్యాష్ నో రీబేస్ చెయ్యి, వాళ్ళ మార్పులు తెచ్చి నీవాటితో కలుపుతుంది, ఆ కలపడమే మెర్జ్. ఇద్దరూ ఒకే చోట మార్చి కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఫైల్‌లో ఏడేసి బాణం గుర్తుల మధ్య నీ కోడూ వాళ్ళ కోడూ పక్కపక్కన ఉంటాయి. ఏది ఉండాలో తేల్చి, గుర్తులు తీసేసి, యాడ్ చేసి కమిట్ చెయ్యి. మెర్జ్ మధ్యలో బెంబేలెత్తితే గిట్ మెర్జ్ డ్యాష్ డ్యాష్ అబార్ట్. మొదలుపెట్టిన చోటికి వచ్చేస్తావు.

నీకు ఇది మొండి సాధనంలా కనిపించడంలో తప్పు లేదు. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టింది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అయిన కెర్నల్ పని ఆగకూడదని. అప్పటిదాకా ఇదే పనికి వాడుతున్న బిట్‌కీపర్ వాళ్ళకి ఉచితంగా దొరకడం ఆగిపోయింది. గిట్ అంటే ఇంగ్లండ్ వాడుకలో ఒక తిట్టు, చిరాకు పుట్టించే మనిషి అని. పేరు కుదిరిందంటావా?

ఆదివారం ఒక అరగంట నాకివ్వు. ఖాళీ ఫోల్డర్లో గిట్ ఇనిట్ కొట్టి, నాలుగు కమిట్లు చేసి, కావాలనే హార్డ్ రీసెట్‌తో రెండు పోగొట్టుకో. మళ్ళీ వెతికి తెచ్చుకున్నాక స్క్రీన్ ఫోటో తీసి పంపు. మధ్యలో ఇరుక్కుంటే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫరవాలేదు. నేను వచ్చేదాకా డిలీట్ బటన్ మీద చెయ్యి వెయ్యకు.

బాబాయ్ గారికీ పిన్నికీ నమస్కారాలు చెప్పు. సంక్రాంతికి తణుకు వస్తున్నాను, ఆ పాత చిట్టా పుస్తకాలు ఇంకా అటక మీద ఉన్నాయేమో కనుక్కో.

నీ
రాజు