గేజీ లెక్క అందరికీ కనపడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను గుంటూరులో ఉంటాను. మా నాలుగెకరాలు కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువ కింద, నీళ్లు చివరగా అందే శివారులో ఉన్నాయి. మూడేళ్ల కిందట వరి పొట్ట మీదున్నప్పుడు ఒక రాత్రి పై ఊరివాళ్లు తూముకి ఇసుక బస్తాలు అడ్డం వేశారు. టార్చిలైట్లు పట్టుకుని మావాళ్లు పదిమందిమి వెళ్లాం. మాటామాటా పెరిగి కర్రలు లేచేదాకా వచ్చింది. ఆపింది కాలువ కాపలా చూసే లష్కరు. లాకు గోడ మీద నీటిమట్టం చూపే కొలబద్దకి, అదే గేజీకి, లైటు కొట్టి, "ముందు ఇది చూడండి, కాలువకే అడుగున్నర తక్కువ వస్తోంది" అన్నాడు. అందరం చూశాం. తెల్లారి రెండు ఊళ్లూ కూర్చుని వంతులు వేసుకున్నాం: నాలుగు రోజులు వాళ్లకి, మూడు రోజులు మాకు. వంతు ఎవరిదో గోడ మీద సుద్దతో రాసేవాళ్లం. రెండు ఊళ్ల పంటా చేతికొచ్చింది.

2023 నవంబరు 30న సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడటం టీవీలో చూసి నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. చివరికి సీఆర్పీఎఫ్ రావాల్సి వచ్చింది. ఎంత బాధ! కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీల్లో 2015లో తాత్కాలికంగా మనకు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ఆ వాటాల సంగతి బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ చూస్తుంది. ఈలోపు ఇవాళ ఏ కాలువకి ఎంత వదిలారన్న దగ్గరే ఒకరి లెక్క ఒకరు నమ్మడం లేదు. టెన్షన్ అంతా అక్కడే. నల్లగొండ రైతు కూడా మాలాగే ఆకాశం వంక, కాలువ వంక చూసేవాడే, అతని మీద మాకు కోపం లేదు.

ప్రకాశం బ్యారేజీలో నిలిచేది 3 టీఎంసీలు, దాని కింద డెల్టా 13 లక్షల ఎకరాలు. పైనుంచి సాగర్, పులిచింతల నీళ్లు, పక్కనుంచి పట్టిసీమ ఎత్తిపోతల గోదావరి నీళ్లు వేళకి రాకపోతే శివారు మడి నెర్రెలిస్తుంది.

2025 జులైలో ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులూ ఎంత నీరు వదిలారో తమంతట తామే కొలిచి పంపే టెలిమెట్రీ యంత్రాలకు ఒప్పుకున్నారు. ఆ రీడింగులు రోజూ తెలుగులో జనానికి చూపించాలి. నీటి సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి కాబట్టి, ప్రతి లాకు దగ్గర పొద్దున్నే గేజీ ఎంతుందో, వంతు ఎవరిదో బోర్డు మీద రాయించే పని కొత్త సంఘాలు తీసుకోవాలి. పెద్ద ఖర్చేమీ కాదు. మీరు కూడా రిజర్వాయర్ల నీటిమట్టాల పక్కనే ఏ కాలువకి ఎన్ని క్యూసెక్కులు వదిలారో రోజూ వేయండి. నారుమళ్లు పోసేలోపే మొదలుపెడితే మాకు మేలు.

— ఒక శివారు రైతు, గుంటూరు