డీలర్ కోర్సు నేర్పండి, కానీ ఫీజు తీసుకునే ముందే నిజం చెప్పండి

సంపాదకులకు,

అమీర్‌పేటలో మెట్రో పిల్లర్ల మీద, కరెంటు స్తంభాల మీద ఈమధ్య కొత్తరకం పోస్టర్లు కనిపిస్తున్నాయి. జావా, టెస్టింగ్, శాప్ కోర్సుల పక్కనే "క్యాసినో డీలర్ ట్రైనింగ్. టెన్త్ పాసైతే చాలు. క్రూయిజ్ షిప్‌లో, ఫారిన్‌లో జాబ్ గ్యారంటీ" అని. కింద ఒక సెల్ నంబరు. రిక్రూటింగ్ ఏజెంటు లైసెన్సు నంబరు మాత్రం ఎంత వెతికినా కనపడదు.

ఈ కోర్సుల్ని మూసేయమని నేను రాయడం లేదు, ముందే చెబుతున్నాను. పేకముక్కలు పంచడానికి కూడా కోచింగా అని మా వీధిలో చాలామంది నవ్వారు. బ్యాంకు క్యాష్ కౌంటర్లో ఉద్యోగం చేసి రిటైరైన నాకు నవ్వు రాలేదు. మా పైవాటాలో అద్దెకుండే వాళ్లబ్బాయి ఆ కోర్సులో చేరి, ఎక్కాలు అప్పజెప్పించుకోమని నా దగ్గరికి వచ్చేవాడు. ఏ ఎక్కాలనుకున్నారు? పదిహేడో ఎక్కం, ముప్పై అయిదో ఎక్కం. రూలెట్‌లో, అంటే నంబర్ల చక్రం తిప్పి ఆడే పందెంలో, ఒకే నంబరు మీద పెట్టిన చిప్ (డబ్బుకు బదులు వాడే బిళ్ల) గెలిస్తే ఒకటికి 35 ఇవ్వాలి. రెండు నంబర్ల మధ్య గీత మీద పెడితే 17, నాలుగు నంబర్లు కలిసే మూల మీద పెడితే 8. నంబరు మీద అయిదు, గీత మీద రెండు, మూల మీద ఒకటి ఉంటే మొత్తం ఎంత? నేను కాగితం తీసేలోపే "217 అంకుల్" అనేవాడు. ఇంటర్ లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లాడండీ వాడు.

చేతిపని ఇంకో ఎత్తు. ఇరవై చిప్స్ దొంతరను ఒంటి చేత్తో పట్టుకుని, చూపుడువేలితో అయిదేసి చొప్పున విడదీసి టేబుల్ మీద వరసగా పరవాలి. కటింగ్ అంటారు దీన్ని. మా డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి గంటల తరబడి అదే సాధన. టేబుల్ వదిలి లేచేటప్పుడు రెండు చేతులూ చరిచి, అరచేతులు తిప్పి పైన ఉన్న కెమెరాకు చూపించాలట, ఏమీ పట్టుకుపోవడం లేదని. మా కౌంటర్లో కెమెరాలు పెట్టాక కూడా మాకింత క్రమశిక్షణ లేదు. ఓడిపోయిన వాడు ఎదురుగా కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టినా మొహంలో రంగు మారకూడదు. ఇది కష్టపడి నేర్చుకునే పనే, సందేహం లేదు. నా గొడవ పనితో కాదు, దాన్ని అమ్ముతున్న పద్ధతితో.

మొదటి సంగతి, ఈ విద్యకు మన రాష్ట్రంలో చట్టప్రకారం ఒక్క ఉద్యోగం కూడా లేదు. 1974 నాటి గేమింగ్ చట్టానికి 2017లో సవరణ చేశాక ఇక్కడ డబ్బు పెట్టి రమ్మీ ఆడినా నేరమే, ఆన్‌లైన్‌లో ఆడినా నేరమే. (రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులోనే. మలక్‌పేటకెళ్లి గుర్రాల మీద మాత్రం నిక్షేపంగా పందెం కాయొచ్చు. సరే, అది వేరే చర్చ.) దేశం మొత్తం మీద గోవా, సిక్కిం, డామన్‌లలో తప్ప క్యాసినోలకు చట్టంలో చోటు లేదు. గోవాలో కూడా డీలరు నిలబడి ముక్కలు పంచే టేబుళ్లకు అనుమతి నీళ్ల మీద ఓడల్లోనే. ఒడ్డున ఉన్న ఫైవ్‌స్టార్ హోటళ్లకు చట్టం ఇచ్చింది ఎలక్ట్రానిక్ మెషీన్ల వరకే. పైగా క్యాసినోల మీద ఉన్న 28 శాతం జీఎస్టీని 2023 అక్టోబరు నుంచి చిప్స్ కొన్న మొత్తం విలువ మీద వేయడం మొదలుపెట్టారు, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతానికి చేరింది. ఇక "ఇంట్లో నుంచే ఆన్‌లైన్ లైవ్ డీలర్" అన్న మాట నమ్మితే నేరుగా కేసులో ఇరుక్కోవడమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. వాటిని నడిపితే మూడేళ్ల దాకా జైలు.

ఇందులో ఒక్క ముక్క కూడా ఆ అబ్బాయికి ఫీజు కట్టేముందు ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ చిట్టీ పాడి తెచ్చిన డబ్బది. కోర్సు అయ్యాక "ఇంటర్నేషనల్ డిప్లొమా" అని బంగారు అంచు కాగితం ఒకటి ఇచ్చారు. గోవాలో ఇంటర్వ్యూకి వెళ్తే దాన్ని తిరగేసి కూడా చూడలేదు, టేబుల్ దగ్గర నిలబెట్టి చేతులు చూశారంతే. అక్కడి క్యాసినోలు ఫ్రెషర్లను తీసుకుని సొంతంగా ట్రైనింగ్ ఇచ్చుకోవడం మామూలే. ఇప్పుడు ట్రైనీగా చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ ఆ ఉద్యోగానికి ఆ ఫీజు అక్కర్లేదని మాకు అప్పుడు గానీ తెలియలేదు.

వాడిది అదృష్టమే అనాలి, గోవాకే వెళ్లాడు. అసలు భయం విదేశాల పేరు చెప్పినప్పుడు. ఓడ ఉద్యోగమైతే, మనుషుల్ని పంపే కంపెనీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు ఆ కంపెనీ అభ్యర్థి దగ్గర పైసా తీసుకోకూడదన్నది రూలు. పైగా క్రూయిజ్ కంపెనీలు సాధారణంగా 21 ఏళ్లు నిండిన వాళ్లనే, అదీ చాలావరకు ముందు ఎక్కడైనా క్యాసినోలో చేసిన వాళ్లనే తీసుకుంటాయి. టెన్త్ పాసై మూడు నెలలు చిప్స్ పేర్చిన కుర్రాణ్ని కాదు. పాంప్లెట్ల మీద చైనాలోని క్యాసినోల నగరం మకావ్ దీపాల ఫొటో వేస్తారు చూడండి, ఆ మకావ్‌లో డీలరు ఉద్యోగాలు స్థానికులకే. ఇంకా ఘోరం, "థాయిలాండ్ క్యాసినోలో జాబ్" అనడం. థాయిలాండ్‌లో చట్టబద్ధమైన క్యాసినో ఒక్కటీ లేదు. క్యాసినో ఉద్యోగమని చెప్పి బ్యాంకాక్ టికెట్ చేతిలో పెట్టారంటే ఆ ప్రయాణం బ్యాంకాక్‌తో ఆగదు. 2025 మార్చిలో మయన్మార్ సైబర్ మోసాల డెన్‌ల నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయుల్ని థాయిలాండ్ సరిహద్దు పట్టణం మే సోట్ నుంచి వైమానిక దళం విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. మంచి జీతమని ఆశపడి ఫ్లైట్ ఎక్కినవాళ్లే అంతా.

ఇక్కడే ఒక చిక్కుంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. టెన్త్ పాసైన వాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు కేంద్రం ఇచ్చే అనుమతి) అక్కర్లేదు. చదువుకున్నవాడు తన సంగతి తాను చూసుకోగలడన్న నమ్మకంతో పెట్టిన రూలు అది. దానివల్ల దుబాయికి కూలి పనికి వెళ్లే నిజామాబాద్ మనిషి కాగితాలన్నా ఒకసారి సర్కారు కంటపడతాయి, డీలరు కోర్సు చేసి వెళ్లే హైదరాబాద్ కుర్రాడు వెళ్లినట్టు ఎవరికీ తెలియదు. విదేశాలకు పంపే ఏజెంటు కేంద్రం దగ్గర రిజిస్టరై ఉండాలి, సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి వసూలు చేయకూడదు. అందుకే ఇక్కడ ఆ డబ్బును "ట్రైనింగ్ ఫీజు" అని పిలుస్తున్నారు. ట్రైనింగ్ ఫీజుకి పరిమితి లేదు కదా!

ఈ వ్యవహారం ఇంతటితో ఆగేలా కూడా లేదు. యూఏఈ 2023లో గేమింగ్ నియంత్రణ సంస్థ పెట్టింది, 2024 అక్టోబరులో రస్ అల్ ఖైమాలో విన్ అనే క్యాసినో కంపెనీ రిసార్టుకు లైసెన్సు ఇచ్చింది. 2027లో తెరుస్తామని ప్రకటించారు. గల్ఫ్‌లో క్యాసినో అంటే మన జిల్లాల్లో ఏజెంట్లకు ఇంతకు మించిన ప్రచారం ఏం కావాలి? ఏజెంట్ల కంటే ముందు మన టామ్‌కామ్ కదలాలి. విదేశీ ఉద్యోగాలు ఇప్పించడానికే కదా రాష్ట్రం దాన్ని పెట్టింది. నర్సుల్ని, డ్రైవర్లని పంపినట్టే ఈ ఉద్యోగాలకూ నేరుగా కంపెనీతో మాట్లాడొచ్చు. జూదం కాబట్టి మేము ముట్టుకోమంటారేమో. ముట్టుకోకపోతే అదే పిల్లాడు అదే ఉద్యోగానికి సబ్‌ఏజెంటు చేతిలో లక్షలు పోసి వెళ్తాడు, అంతే తేడా.

ఈలోగా ఉపాధి శిక్షణ శాఖ చేయగలిగిన పని ఒకటుంది. డీలర్ కోర్సు చెప్పే ప్రతి ఇనిస్టిట్యూట్ చేత ఒక పేజీ కాగితం తెలుగులో అచ్చు వేయించాలి. ఈ ఉద్యోగం ఎక్కడ చట్టబద్ధం, ఎక్కడ కాదు, వయసెంత ఉండాలి, పోయిన బ్యాచ్‌లో ఎంతమందికి ఏ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. తల్లో తండ్రో ఆ కాగితం చదివి సంతకం పెట్టాకే ఫీజు రసీదు రాయాలి. విదేశీ ఉద్యోగమని పోస్టర్ వేస్తే లైసెన్సు నంబరు లేకుండా అంటించడానికి వీల్లేదనాలి. పోస్టర్ మీద సెల్ నంబరు ఉండనే ఉంటుంది, వేసిందెవరో పట్టుకోవడం పోలీసులకు ఎంతసేపు?

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇనిస్టిట్యూట్‌లో కూర్చోబెట్టి ఫారిన్ ఫొటోల ఆల్బమ్ చూపిస్తారు. అవి పక్కన పెట్టి, మిమ్మల్ని పంపే ఏజెంటు లైసెన్సు నంబరు చెప్పమనండి. ఓడ ఉద్యోగమైతే డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో, మిగతావైతే కేంద్ర విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఆ నంబరు అక్కడే, వాళ్ల ఎదురుగానే ఫోన్‌లో కొట్టి చూసుకోండి.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్