వార్షిక నివేదిక: కార్చిచ్చు తరువాత నేలకోత, వాననీటి ఉరవడి నియంత్రణ

గౌరవనీయ సభ్యులకు,

కార్చిచ్చు ఆరిన నాటి నుండి వానాకాలం ముగిసే వరకు కాలిన వాలులపై సంఘం చేపట్టిన పనులను కార్యవర్గం ఈ నివేదికలో మీ ముందు ఉంచుతోంది. పారే నీటికి అడ్డుకట్టలు వేయడం కంటే ముందు, చినుకు నేరుగా నేలను తాకకుండా కప్పాలన్న నిర్ణయమే ఏడాది పనులన్నిటికీ ఆధారమైంది.

రాలిన ఆకులు కాలినప్పుడు వెలువడే మైనం వంటి పదార్థాలు ఆవిరై, కొంత భాగం కిందికి దిగి, చల్లని మట్టిరేణువులపై నీటిని ఇంకనివ్వని పొరగా పేరుకుంటాయి. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద బలపడే ఈ పొర 300 డిగ్రీల దరిదాపుల్లో నశిస్తుంది కనుక, తీవ్రంగా కాలిన చోట అది పైన కాక కొంత లోతున ఉంటుంది. అందుకే బూడిదను తొలగించి, మట్టిని కొద్దికొద్దిగా గీకుతూ, ఒక్కో లోతులో నీటి చుక్క వేసి పరీక్షించాము. చుక్క 5 సెకన్లకు మించి గుండ్రంగా నిలిస్తే ఆ మట్టి నీటిని పీల్చడం లేదని లెక్క. పైన వెంటనే ఇంకిన చుక్క రెండు వేళ్ల లోతున కదలకుండా నిలిచిన చోట్లు కొన్ని కనిపించాయి. అటువంటి చోట పైమట్టి మాత్రమే తడిసి, ఆ పొర మీదుగా జారిపోతుంది. నిటారుగా ఉన్న ఆ వాలులకే మొదటి ప్రాధాన్యం ఇచ్చాము.

అక్కడ నేలలో సుమారు 70 శాతం కప్పబడేలా ఎండుగడ్డిని పలుచగా పరిచాము. మందంగా పరిస్తే మొలకలు పైకి రాలేవు. గాలి ఎక్కువగా వీచే శిఖరాలపై గడ్డి నిలవదు కాబట్టి చెక్క పేళ్లు వాడాము. కలుపు విత్తనాలు ఉన్న గడ్డిని తిప్పి పంపాము. విత్తనాలు చల్లితే చాలదా అని సమావేశాల్లో పలువురు సభ్యులు అడిగారు. అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 2000లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, చల్లిన గడ్డి మొదటి ఏడాది కోతను గణనీయంగా తగ్గించే అవకాశం తక్కువ; అది మొలిచి నేలను కప్పేలోగానే పెద్ద వానలు పడిపోతాయి.

కట్టడాల విషయంలో చర్చ ఎక్కువే జరిగింది. రాతికట్ట కంటికి కనిపిస్తుంది, ఫొటోకు నిలుస్తుంది. గడ్డి పరిస్తే చూసేవారికి ఏమీ చేయనట్టే ఉంటుంది. అయినా కాలిబాటలకు ఎగువన మాత్రమే, వాలుకు అడ్డంగా, సమాన ఎత్తు గీత వెంట మొద్దులను పాతాము. మొద్దు కింద చేయి దూరే సందు మిగిలితే నీరు అక్కడే గుమిగూడి, మొద్దు లేనప్పటికంటే లోతుగా కోస్తుంది. కనుక ప్రతి మొద్దు కింద చిన్న కందకం తవ్వి, ఎగువ వైపు మట్టి దట్టించి, రెండు చివరలా చిన్న గట్లు పోశాము. పూడిక నిండాక మొద్దు పని అయిపోయినట్టే. కుండపోత వానకు అది ఎప్పుడూ పూర్తి రక్షణ కాదు.

కల్వర్టులలో చేరిన చెత్తను ప్రతి వాన తరువాత తొలగించాము.

వాన హెచ్చరికకు రోజు మొత్తం వర్షపాతాన్ని కాక, 15 నిమిషాలలో పడిన వానను ప్రమాణంగా తీసుకున్నాము. కాలిఫోర్నియాలో థామస్ కార్చిచ్చు తరువాత, 2018 జనవరి 9న కొద్ది నిమిషాల కుండపోతకే బురద, బండరాళ్లు మాంటెసిటో అనే ఊరి మీద పడి 20 మందికి పైగా మరణించారు. అటువంటి ప్రవాహానికి నేల ముందుగా నానవలసిన అవసరం లేదు.

బురద ప్రవాహాల ముప్పు మొదటి రెండేళ్లలో అధికం. ఆ తరువాత చచ్చిన వేర్లు కుళ్లి పట్టు సడలడంతో నిటారు వాలులు జారే ప్రమాదం మరికొన్నేళ్లు ఉంటుంది. అందువలన నేల మరింత కదలకుండా ఉండేందుకు, కాలిన మానులను యంత్రాలతో ఈడ్చుకుపోవడానికి అనుమతి ఇవ్వవద్దని సంబంధిత అధికారులను కోరాలని కార్యవర్గం తీర్మానించింది. రాబోయే వానాకాలానికి ముందు గడ్డి చెదిరిన చోట్ల మళ్లీ పరచవలసి ఉంది. పాల్గొనదలచిన సభ్యులు కార్యదర్శికి తమ పేర్లు ఇవ్వగలరు. గాలి వీచే రోజుల్లో నిలువునా ఎండిన చెట్లు కూలే ప్రమాదం ఉన్నందున ఆ రోజుల్లో పనులు జరగవు.