ఘటోత్కచుడి కిరీటం కోసేశారు

సంపాదకులకు నమస్కారం.

బొబ్బిలిలో ఒక సినిమా హాల్లో చాలాకాలం ఆపరేటర్‌గా పనిచేశాను. హాలు మూతపడింది, నేనూ ఇంటిపట్టున ఉంటున్నాను. ఈమధ్య అమ్మాయి పెద్ద టీవీ కొనిచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక పాత సినిమాలు పెట్టుకుంటున్నాను.

‘మాయాబజార్’ ఆదివారం ఉదయం ఆటలకు ఎన్నిసార్లు ఆడించి ఉంటానో! కానీ సావకాశంగా చూసింది ఇప్పుడే. ఆపరేటర్‌కు సినిమా చూసే తీరిక ఎక్కడిది? వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఒక ప్రొజెక్టర్ తిరుగుతుండగానే రెండోదానికి రీలు ఎక్కించాలి. ప్రొజెక్టర్‌లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలి అరిగేకొద్దీ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే వెలుగు తగ్గి తెర మసకబారుతుంది. రీలు చివర తెర కుడివైపు పైమూలన ఒక చుక్క తళుక్కుమంటుంది. అది కనబడగానే రెండో మిషన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు మరో చుక్క వస్తుంది, అప్పుడు దీపం ఇటునుంచి అటు మార్చాలి. జనమంతా సావిత్రిని చూస్తుంటే నేను ఆ మూలను చూస్తూ కూర్చునేవాణ్ణి. కేబిన్‌లో మిషన్ల రొదకు పాటలు కూడా సగమే వినబడేవి.

ఇప్పుడు తీరిగ్గా చూస్తుంటే మతి పోతోంది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో ఉన్నది శశిరేఖ కాదు, ఆమె రూపంలోని ఘటోత్కచుడు. సావిత్రి నడకలో, కనుబొమలు ఎగరేయడంలో ఎస్వీ రంగారావు దిగిపోయి కనిపిస్తాడు. ఆ పాట పాడిన ఇద్దరూ మా జిల్లాతో ముడిపడ్డవారే. సుశీల పుట్టిందీ సంగీతం నేర్చిందీ విజయనగరంలో. ఘంటసాల ఎక్కడి నుంచో వచ్చి విజయనగరం సంగీత కళాశాలలోనే చదువుకున్నారు. మా హాల్లో పేర్లు పడేటప్పుడు నేల టిక్కెట్టువాళ్ళు ‘మనవాళ్ళే’ అని ఈల వేసేవారు. ఆ ఈలలు మాత్రం రొదలోనూ వినబడేవి.

మొన్న ఒక చానల్లో ఇదే సినిమా వేశారు. పేర్లు లేవు! నిర్మాణ సంస్థ బొమ్మ పడీ పడకముందే కథలోకి దూకేశారు. దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే అంతా ఒక్క కత్తెరకు పోయారు. మధ్యలో సబ్బుల ప్రకటనలకు మాత్రం కావలసినంత వ్యవధి దొరికింది.

అది సరే, బొమ్మ సంగతి చెప్పాలి. 1957 నాటి ఆ సినిమా తెర నాలుగడుగుల వెడల్పుకు మూడడుగుల ఎత్తు లెక్కన ఉంటుంది. ఇప్పటి టీవీ పదహారుకు తొమ్మిది. ఈ తేడాను కప్పిపుచ్చడానికి రెండు పనులు చేస్తున్నారు. ఒకటి, బొమ్మను పక్కలకు లాగి తెరంతా నింపడం. అప్పుడు ప్రతి మనిషీ మూడోవంతు లావెక్కుతాడు. ఘటోత్కచుడికి అంత తేడా తెలియదు గానీ, శశిరేఖ ముఖం చూడలేకపోయాం. రెండోది ఇంకా అన్యాయం. వెడల్పు సరిపెట్టి, పైనా కిందా కోసేస్తారు. దీనివల్ల బొమ్మలో నాలుగోవంతు పోతుంది. ఘటోత్కచుడి కిరీటం సగానికి తెగింది. నాట్యం చేసేవాళ్ళకు పాదాలు లేవు. పాదాలు కనబడని నాట్యం ఎవరికి కావాలి?

1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో వెడల్పు తెర సినిమాస్కోప్ వచ్చాక మా హాలుకు బొమ్మను పక్కలకు విప్పే వేరే లెన్సు తెచ్చారు. ఎక్కడైనా ఏ ఆపరేటరైనా ఏమరుపాటున మామూలు సినిమాకు ఆ లెన్సు పెడితే మనుషులు అడ్డంగా సాగిపోయేవారు. అంతే, హాల్లో కేకలు, కుర్చీల మీద దరువులు! టిక్కెట్టు కొన్నవాడు నిమిషం ఊరుకునేవాడు కాదు. అదే సాగదీత ఇవాళ టీవీల్లో మూడు గంటలు నడుస్తుంటే ఎవరూ పట్టించుకోవడం లేదు.

2010లో ఈ సినిమాకు రంగులద్దారు. నేను దానికి వ్యతిరేకిని కాను. మా మనవరాలు రంగులున్నాయనే కదలకుండా కూర్చుంది. కానీ అందులో పద్యాలు తగ్గించారు, అది నాకు మింగుడుపడలేదు. ‘లాహిరి లాహిరి’లో బార్ట్‌లే పరిచిన వెన్నెలకు నలుపు తెలుపే అందమని నా పట్టుదల. మనవరాలు ఒప్పుకోదు.

చానళ్ళవారికీ, పాత సినిమాలను ఇంటర్నెట్లో పెట్టేవారికీ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒకటే. ఉన్న కొలతల్లోనే చూపించండి. టీవీకి రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగిలితే మిగలనివ్వండి, అది లోపం కాదు. పేర్లు పూర్తిగా పడనివ్వండి, పద్యాలు కోయకండి.

పాఠకులకు ఒక సూచన. బొమ్మ సాగినట్టు కనబడితే చాలా టీవీల సెట్టింగుల్లో బొమ్మ కొలత మార్చుకునే వీలుంది. 4:3 పెట్టుకుంటే ముఖాలు సరిపోతాయి. తలలు తెగిన ప్రింటుకు మాత్రం ఆ మీట పనిచేయదు. అది పంపేవాళ్ళే సరిచేయాలి.

— ఒక మాజీ సినిమా ఆపరేటర్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా