చరిత్ర ఒక్కటే అచ్చువేస్తే చాలదు

సంపాదకుడు గారికి,

పాత తెలుగు పుస్తకాల పునర్ముద్రణ మాట వచ్చినప్పుడల్లా మన పెద్దల చూపు చరిత్ర గ్రంథాల మీదనే నిలుస్తుంది. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి (ఎన్‌సైక్లోపీడియాకు) పూనుకున్న కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారి కృషి విషయంలోనైనా ఈ పద్ధతి మార్చుకోవాలని మనవి.

1906లో హైదరాబాదులో పుట్టి, కొద్దికాలానికే మద్రాసుకు తరలివచ్చిన విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థ, ఆయన పూనికతో, ఒకవంక చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ను, మరొకవంక జీవశాస్త్ర, రసాయనశాస్త్ర గ్రంథాలను ఒకే పాఠకుణ్ణి దృష్టిలో ఉంచుకొని వెలువరించింది. ఆ తర్వాత ఆయన తలకెత్తుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వంలోనూ మతం, గణితం, రాజవంశాలు అకారాది క్రమంలో ఇరుగుపొరుగులై ఉంటాయి. అందులోంచి రాజవంశాలను మాత్రం ఏరుకుంటే మనకు మిగిలేది ప్రాంతాభిమానమే. శిలాశాసనానికి ఆధారం అడిగినట్టే మతగ్రంథానికీ అడగవచ్చునన్న ఆయన ధోరణి, అలా ఏరుకున్న భాగంలో కనిపించదు.

శాస్త్ర విషయాలు పాతబడ్డాయన్న మాట నిజమే. నూరేళ్లనాటి రసాయనశాస్త్రం నేడు పాఠంగా పనికిరాదు. అయితే తెలుగులో మాట లేనిచోట మాట కూర్చిన శ్రమ పాతబడలేదు. ప్లస్ టూ చదివే మా మనవరాలికి ‘పదార్థ విజ్ఞానం’ అంటే ఫిజిక్సని నేను చెప్పవలసి వచ్చింది. (ఆమె బడిలో తెలుగే లేదు, అది వేరే గోడు.)

ఇటీవల ఇక్కడ చెన్నైలోని ఒక గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వం సంపుటం అడిగితే, పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుగా ఎక్కించినందువల్ల రెండు రోజులు తిరిగాను. తీరా దొరికిన ప్రతిలో కాగితం పెళుసెక్కి, వేలు తగిలితే విరుగుతోంది. స్కాన్ చేస్తే సరిపోతుందంటారు గాని, ఆ బొమ్మల్లో కావలసిన మాటను వెతికి పట్టుకోలేము. కొత్తగా అక్షరాలు కూర్చి, అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) వదలకుండా, నాటి పారిభాషిక పదాలకు నేటి మాటలు చూపే పట్టికతో, అన్ని సంపుటాలకూ కలిపి ఒక పదసూచికతో ముద్రించాలి.

మద్రాసు విశ్వవిద్యాలయ తెలుగు శాఖ చొరవ తీసుకొని, రెండు తెలుగు ప్రభుత్వాలను ఖర్చు అడగవచ్చు. 1919లో వీరేశలింగం గారు కన్నుమూసింది ఈ ఊళ్లోనే, లక్ష్మణరావు గారి ఇంట్లో. 1923లో ఆయనా ఇక్కడే పోయారు. కాబట్టి ఈ పనికి మరో ఊరు ముందుకు రావాలని ఎదురుచూడటం మనకు తగదు. ముందస్తు చందా పెడితే మా పేటలోనే పదిమందిచేత కట్టించగలను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై