మిరపకాయలు కోయడానికి ‘కట్’ చెల్లదు

సంపాదకుల వారికి నమస్కారములు.

30 ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు బోధించి విశ్రాంత జీవితం గడుపుతున్న నేను, సాయంత్రాలు మా వీధి పిల్లల చదువు చూస్తుంటాను. ఇటీవల 8వ తరగతి బాలిక ఒకతె, సెలవుల్లో తల్లితో మిరప కోతకు వెళ్లిన సంగతి ఇంగ్లీషులో చక్కగా రాసి చూపింది. అందులో అడుగడుగునా ‘వుయ్ కట్ చిల్లీస్’ అనే ఉంది. అది చదివితే చేలో వంగిన తల్లీకూతుళ్లు కాక, కత్తిపీట ముందు కూర్చుని కాయలు తరుగుతున్నవారు కనిపిస్తారు. చెట్టు నుంచి కాయ కోయడాన్ని ‘పిక్’ అంటారు. బడిలో ఆ మాట కింద ఎర్రగీత గీశారే గాని కారణం చెప్పలేదు. ఆమె నోటుపుస్తకంలో మాత్రం ‘కట్ – కోయుట’ అని రాయించి ఉంది; ఆ బిడ్డ దాన్నే నమ్మింది.

తెలుగులో వరీ కోస్తాం, పూలూ కోస్తాం, కూరకు వంకాయా కోస్తాం. ఇంగ్లీషులో వరికి ‘రీప్’ లేదా ‘హార్వెస్ట్’, పూలకు ‘పిక్’, వంకాయకు ‘కట్’ వస్తాయి. కర్ర విరగడం, కుండ పగలడం, దారం తెగడం మనకు మూడు వేర్వేరు పనులైతే, వారికి మూడింటికీ ‘బ్రేక్’ చాలు. ‘దారం పగిలింది’ అంటే ఐదేళ్ల పిల్లవాడు కూడా నవ్వుతాడు. వాడికి ఎవరూ సూత్రం నేర్పలేదు. ఏ మాటకు ఏ మాట జతో ఇంట్లో వింటూ పట్టుకున్నాడు.

‘సీ’, ‘లుక్’, ‘వాచ్’ మూడింటికీ ‘చూచుట’ అని రాయించడం నన్ను మరింత బాధిస్తోంది, ఎందుకంటే ఆ తేడా మన భాషలోనే ఉంది. ‘ఎంత చూసినా బస్సు కనపడలేదు’ అన్నప్పుడు చూడడం ‘లుక్’, కనపడడం ‘సీ’. ‘బోర్డు కనపడుతోందా?’ అన్న ప్రశ్నకు ‘ఐ యామ్ సీయింగ్’ కాక ‘ఐ కెన్ సీ’ ఎందుకు తగునో ఈ దారిలో పిల్లలకు ఇట్టే అందుతుంది. కదిలేదాన్ని, మారేదాన్ని కనిపెట్టుకుని ఉండడం ‘వాచ్’: క్రికెట్టు చూడడమైనా, పొయ్యి మీద పాలు పొంగకుండా చూడడమైనా. ఈ హద్దులు అన్నిచోట్లా ఇంత గట్టివి కావనీ, సినిమాకు ‘సీ’, ‘వాచ్’ రెండూ చెల్లుతాయనీ కూడా చెప్పాలి. ‘లిజన్’, ‘హియర్’లకు వినడం, వినపడడం సరిపోతాయి. ‘సే’ను అనడంగా, ‘టెల్’ను చెప్పడంగా పరిచయం చేస్తే ‘హి సెడ్ మి’ వంటి తప్పులు చాలావరకు తగ్గడం నా తరగతుల్లోనే చూశాను. ఇంగ్లీషులో కథకు, నిజానికి ‘టెల్’ వచ్చినట్టే మనమూ కథ చెబుతాం, నిజం చెబుతాం, అంతే తప్ప కథ అనం.

ప్రభుత్వ పాఠశాలల సైన్సు, సాంఘిక శాస్త్ర పుస్తకాల్లో నేడు తెలుగు, ఇంగ్లీషు పేజీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకే విషయానికి రెండు భాషలు ఏ క్రియను ఎంచుకున్నాయో పోల్చి చూపేందుకు ఉపాధ్యాయులు వాటిని వాడుకోవాలని, పాఠం చివరి పదాల పట్టికల్లో క్రియను ఒంటరిగా కాక దానికి జతయ్యే నామవాచకంతో కలిపి ముద్రించాలని పాఠ్యపుస్తక రచయితలను కోరుతున్నాను. మీ పత్రిక విద్యా పేజీలో కూడా వారానికి ఒక క్రియకు ఈ రీతిలో చోటివ్వవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు.